మన భాషకు బల్ల లేదు

"ఒరేయ్, నాకో కుర్చీ ఇవ్వరా."

లైబ్రేరియన్ తలెత్తి చూసింది. గోడకు అంటించబోతున్న పోస్టరు చేతిలోనే ఉండిపోయింది.

గుమ్మంలో తెల్లజుట్టు పెద్దమనిషి. పరాయి దేశస్థుడని ముఖమే చెబుతోంది. ఒరేయ్ అన్నది ఆమెనే. అన్నాక ఎంతో వినయంగా తల కూడా వంచాడు.

కుర్చీలు మోస్తున్న కొత్త వాచ్‌మన్ నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

"రేపటి పండుగకు వచ్చారా? ఏ భాష మాట్లాడతారండీ?" అంది లైబ్రేరియన్.

"నీ భాష."

"మాది కాదండీ. మీది చెప్పండి."

"నేను నీ భాషే మాట్లాడతానురా."

"ఇది విదేశీ భాషల పండుగ. మన భాషకు బల్ల లేదు."

ముసలాయన ఆమె చేతిలోని పోస్టరు వైపు చూశాడు.

"నాకు ఇదే కదా విదేశీ," అన్నాడు.

మాట సబబుగానే ఉంది. కానీ సబబులు ఆలోచించే తీరిక ఆమెకు లేదు. చేయాల్సిన పని కొండంత ఉంది.

పండుగంటే పాటలూ నాట్యాలూ కాదు. లైబ్రరీ హాల్లో భాషకో బల్ల. బల్ల దగ్గర ఆ భాషలో పుట్టిపెరిగిన మనిషి. ఊళ్ళోని నర్సులు, బస్సు కండక్టర్లు, కొట్టువాళ్ళు వచ్చి, నొప్పి ఎక్కడ, దాహమేస్తోందా, భయం లేదు, ఇలాంటి నాలుగు మాటలు నేర్చుకుని వెళ్ళాలి. అంతా ఉచితం.

"ఉచితమంటే ఎవరూ రారమ్మా," అన్నాడు లైబ్రరీ కమిటీ ప్రెసిడెంటు.

"రాకపోతే ఇంటింటికీ వెళ్ళి పిలుచుకొస్తాను," అంది. అన్నంత పనీ చేసింది.

ఆ పంతం ఊరికే రాలేదు. ఆమె తండ్రి ఓడలో వంటమనిషి. ఆమె చిన్నప్పుడే ఎక్కడో పరాయి రేవులో జబ్బుపడి, అక్కడి ఆసుపత్రిలోనే పోయాడు. ఇంటికి ఆయన బట్టల పెట్టె వచ్చింది కానీ మాట ఒక్కటీ రాలేదు. చివర్లో ఏం అడిగాడో, ఎవరిని తలుచుకున్నాడో తెలియదు. చుట్టూ మనుషులుండీ ఒంటరిగా పోయాడన్న బాధ ఆమెను ఇన్నేళ్ళుగా తింటూనే ఉంది. తన ఊళ్ళో ఏ పరాయి మనిషికీ ఆ గతి పట్టకూడదు.

"ఒరేయ్, ఒక్క మాట వినరా. నేను ఒక మనిషి కోసం…"

"తర్వాత వింటానండీ. ముందు ఆ కుర్చీలు కాస్త అటు వేసి పెడతారా?"

ముసలాయన మారుమాట లేకుండా వేశాడు. హాలంతా ఊడ్చాడు కూడా. పోతూ పోతూ మళ్ళీ బల్ల సంగతి అడిగాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. రేపు ప్రెసిడెంటునీ ఒరేయ్ అన్నాడంటే కొంప మునుగుతుంది.

పొద్దున తలుపులు తీసేసరికే ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. జనం మొదలయ్యారు. వచ్చినవాళ్ళందరికీ ఆయనే ఎదురెళ్ళి, "రారా నాన్నా, కూర్చోరా," అనసాగాడు. ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ ముఖం చిట్లించింది.

లైబ్రేరియన్ గబగబా వచ్చింది.

"ఏమీ అనుకోకండి. ఇవాళ్టికి మీరు వెళ్ళండి. మన భాష ఇక్కడ అందరికీ వచ్చు. మీ దగ్గర వినేవాళ్ళెవరూ లేరు."

"ఒక్కరున్నారురా," అన్నాడాయన నెమ్మదిగా. "ఎవరో తెలీదు."

ఆమె అప్పటికే ఇంకో బల్ల వైపు నడిచింది.

పండుగ అనుకున్నదానికన్నా బాగా జరిగింది. సిగ్గుపడుతూ వచ్చినవాళ్ళు బల్లల్ని వదిలిపెట్టలేదు. ఒక నర్సు వచ్చీరాని మాటల్లో "నొప్పి ఎక్కడమ్మా?" అని అడిగితే, ఈ ఊరొచ్చాక ఎవరితోనూ నోరు విప్పని ఓ పరాయి ముసలామె ఆ నర్సు చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

"వచ్చే ఏడూ పెడదామమ్మా," అన్నాడు ప్రెసిడెంటు.

సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక లైబ్రేరియన్ ఓ కుర్చీలో కూలబడింది. ఒళ్ళు హూనమైనా మనసు తేలికగా ఉంది. నాన్నకు చేయలేనిది ఇంకెవరికో చేయగలిగింది.

"ఆ ఒరేయ్ తాతగారు మధ్యాహ్నం ఓడకే వెళ్ళిపోయారు మేడమ్," అన్నాడు వాచ్‌మన్, కుర్చీలు మడుస్తూ. "పాపం, ఎవరో అమ్మాయిని వెతుక్కుంటూ వచ్చారట."

"ఎవరినట?"

"పేరు తెలీదట. వాళ్ళ నాన్న ఈ ఊరి పేరు చెప్పాడట, కూతుర్ని అమ్మడూ అనేవాడట, అంతే. నలుగురిలో కూర్చుని మాట్లాడుతుంటే, తన మాటతీరు విని ఆ అమ్మాయే పోల్చుకుంటుందనుకున్నారట."

ఆమె లేచి నిలబడింది.

"ఏం చేసేవాడట వాళ్ళ నాన్న?"

"ఓడలో వంట చేసేవాడట మేడమ్. ఆయన జబ్బుపడి చేరిన ఆసుపత్రిలో ఈ తాతగారు అప్పట్లో వార్డుబాయ్. ఆ వంటాయన మాట ఎవరికీ అర్థం కావట్లేదని, రోజూ మంచం పక్కన కూర్చుని ఆయన దగ్గరే మన భాష నేర్చుకుని, కన్నుమూసేదాకా ఆయన్ను ఒంటరిగా వదల్లేదట."