నర్సయ్య ఎడమ చెయ్యి

"చూడమ్మా శ్రీలతా, ఇగ మాతోని కాదు. ఆ చెయ్యన్నా ఆగాలె, లేకుంటే మీ నాయిననన్నా తీస్కపోవాలె."

కేర్ సెంటర్ మేనేజర్ ఓంకార్ ఆ మాట అనగానే శ్రీలతకు తన ఇల్లు కళ్ల ముందు మెదిలింది. తీసుకుపోయి ఎక్కడ పెట్టాలి? బోరబండలో మూడో అంతస్తు మీద ఒక్క గది. అందులోనే కుట్టు మిషను, అందులోనే పొయ్యి. పక్షవాతం మనిషిని ఆ ఇరుకు మెట్లెవరు ఎక్కిస్తారు? ఏదో ట్రస్టు పుణ్యమా అని దొరికిన ఉచిత మంచం ఇది.

నర్సయ్యకు కుడివైపంతా పడిపోయింది. మాటా పోయింది. మిగిలింది ఎడమ చెయ్యి ఒక్కటే, ఇప్పుడు దానితోనే చిక్కొచ్చింది. పడుకున్నవాడు పడుకున్నట్టే పైకి చూస్తూ చెయ్యి ఊపుతాడు. కాసేపు ఆగుతాడు. మళ్లీ ఊపుతాడు. పగలూ అంతే, రాత్రీ అంతే.

"మేం గదిల తిరుగుతుంటే ఊపడు. మేం బయటికి పోంగనే సురూ చేస్తడు. కెమెరాల చూస్తున్నం గద" అన్నాడు ఓంకార్.

"పిలుస్తున్నడు బిడ్డా" అంది ఆయా లక్ష్మమ్మ గొంతు తగ్గించి. "పోయేటోళ్లకు, ముందు పోయినోళ్లు పైన కనవడ్తరట. మీ అమ్మనే గావచ్చు."

ఆ మాట సెంటరంతా పాకింది. పక్క మంచం ఆయన హడలిపోయి వేరే గదికి మారిపోయాడు. ఆ రోజు నుంచి నర్సయ్య ఊపడం మరీ ఎక్కువైంది.

డాక్టరు ఇలాంటివి నమ్మడు. చదువుకున్నవాడు కాబట్టి మతి చలించిందన్నాడు. "నిద్ర లేకనే ఇదంతా. ఆ చెయ్యి రెండ్రోజులు మంచానికి కట్టి ఉంచితే నిద్ర అదే పడుతుంది."

నర్సయ్య నిద్రపోకపోవడం ఓంకార్‌కు పెద్ద నామోషీ. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఖాళీ చేసి పోయిన అంతస్తులో ఉంది ఆ సెంటరు. వాళ్ల మీటింగ్ రూములే ఇప్పుడు పేషెంట్ల గదులు. ఒక్కదానికీ కిటికీ లేదు. ఎవరైనా అడిగితే చాలు, పాఠం అందుకుంటాడు.

"కిటికీ ఎందుకు? మన లైట్లు చూడుండ్రి. పొద్దుగాల సూర్యుని లెక్క తెల్లగ, సాయంత్రం దీపం లెక్క పసుపుగ. ముసలోళ్లకు ఒంట్లె గడియారం సెట్ అయితది. స్విచ్చుల పరేషానే లేదు, ఎలుగుడు, ఆరుడు అన్నీ అవే చూసుకుంటయి."

అంత గొప్ప లైట్ల కింద ఒక ముసలాయన కళ్లు తెరుచుకుని పడుకుంటే పరువు పోదూ మరి!

శ్రీలత సరేనంది. అనక ఏం చేస్తుంది? నర్సులైతే బిగించి కడతారని తనే కడతానంది. సంచిలో బ్లౌజులకని తెచ్చిన మెత్తటి లైనింగ్ గుడ్డ ఉంది. దాన్ని మడతపెట్టి, తండ్రి మణికట్టుకు చుట్టింది.

"అమ్మ తానికి పోతవా నాయినా? నన్నిడిసిపెట్టి పోతవా?"

నర్సయ్య తల అడ్డంగా ఆడించాడు. పైకి చూశాడు. ఆమెను చూశాడు. మళ్లీ పైకి చూశాడు. గొంతులోంచి ఏదో గరగర వచ్చింది గానీ మాట కాలేదు. కంటి కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి.

"జర ఓర్సుకో నాయినా. రెండ్రోజులే" అని ఆమె రెండో చివర మంచం కమ్మీకి ముడేసింది. ఛీ, ఏం బతుకు అనిపించింది.

ఓంకార్ హమ్మయ్య అనుకున్నాడు. అందరూ వెళ్లిపోయారు. తలుపు మూసుకుంది.

శ్రీలత స్టూలు మీద కూలబడి, మంచం అంచుకు తల ఆనించి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, అలాగే కదలకుండా ఉండిపోయింది.

కళ్లు తెరిచేసరికి ఏమీ కనబడలేదు. మిట్టమధ్యాహ్నం, కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. పక్కనే తండ్రి గసపోస్తున్నాడు. కట్టేసిన చేతి వేళ్లు గుడ్డను గీరుతున్నాయి.

"నాయినా!" అంటూ గాబరాగా లేచి, గోడ ఎటుందో తెలియక ఆమె గాల్లో చెయ్యి ఊపగానే, గదిలో లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి.