కుడీ ఎడమా తెలియని డ్రైవరు

“అది ఎడమ చెయ్యండీ. కోచ్ ఎత్తమన్నది కుడి చెయ్యి,” అంది డ్రిల్లు టీచరు.

ఆవిడ మొగుడు డ్రైవరు గభాలున చెయ్యి మార్చాడు. ఈసారి కాలు తప్పింది.

“ముప్పై ఏళ్లు బస్సు నడిపారు. కుడేదో ఎడమేదో తెలియకుండానే తిప్పారా ఆ మలుపులన్నీ?”

“బస్సుకి స్టీరింగు ఉంటుంది. ఒంటికి లేదుగా.”

అల్మారా మీద నిలబెట్టిన ఫోన్లో కోచ్ నవ్వాపుకున్నాడు. “బాబాయ్‌గారూ, ఫోను కాస్త కుడివైపుకి తిప్పండి. ఆఁ, ఇప్పుడు బాగా కనబడుతోంది. ఇక కుర్చీలోంచి లేచి కూర్చుందామా?”

ఫోను తిప్పడంలో మాత్రం డ్రైవరు తడబడలేదు.

ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ ఉందని తేలి రెండు నెలలైంది. గడ్డ తీసెయ్యొచ్చు. కానీ తట్టుకునే శక్తి ఒంట్లో ఉండాలి, ఆరు నిమిషాల్లో నాలుగువందల మీటర్లు నడిచి చూపిస్తేనే ఆపరేషన్ అని పెద్ద డాక్టరు తెగేసి చెప్పాడు. మొదటిసారి నడక రెండువందల యాభై దగ్గరే ఆగిపోయింది. ఆస్పత్రివాళ్లిచ్చిన వ్యాయామాల కాగితం ఆ సాయంత్రమే చెత్తబుట్టలో పడింది. ఐదో రోజు డ్రైవరు ఆ కాగితం బయటికి తీసి, చేత్తో చదును చేసి, అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేశాడు. అప్పట్నుంచీ వారానికి మూడుసార్లు ఆన్‌లైన్లో కోచ్, ఆయనకెదురుగా డ్రైవరు, పక్కనే తప్పులెన్నడానికి డ్రిల్లు టీచరు. బళ్లో వేలమంది పిల్లల చేత కవాతు చేయించిన మనిషి ఆవిడ. కళ్లెదుట ఎవరైనా వంకరగా చెయ్యెత్తితే ఆవిడకి తిన్నదరగదు.

“అలా కుప్పకూలినట్టు కూర్చుంటారా ఎవరైనా? నడుం నిటారుగా ఉండాలి. చూడండి.”

ఇంకో కుర్చీ లాక్కుని తనే లేచి కూర్చుని చూపించింది. డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. మళ్లీ చూపించింది. ఇరవై ఒకటోసారికీ ఆయన మొద్దావతారమే.

“మీకు నేర్పలేక నాకే ఆయాసం వస్తోంది,” అంటూ ఆవిడ నుదురు కొట్టుకుంది.

“ఒక్క నిమిషం విశ్రాంతి,” అన్నాడు కోచ్ వెంటనే. “పెదాలు ముడిచి గాలి మెల్లగా వదలాలి.”

డ్రైవరు వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించుకుని, దులిపి, ఊదాడు. “ఇదేదో పాడైనట్టుందే. నీ వేలికి పెట్టి చూడు.”

“తొంభై నాలుగు చూపిస్తోంది. నిక్షేపంలా ఉంది కదా.”

“చాలా బాగుంది,” అంటూ కోచ్ రాసుకున్నాడు. “కుర్చీ లెక్క ఇరవై ఒకటి. పోయినవారం పధ్నాలుగే.”

డ్రైవరు చేసినవి తొమ్మిది. తప్పని చెప్పలేదు సరికదా, దర్జాగా మీసం మెలేశాడు.

“మెడలో ఆ ఈల ఊరికే వేలాడేసుకున్నావెందుకు? ఊదితే నేనూ హుషారుగా చేద్దును.”

“మీ ఒక్కరికీ ఈల కూడానా, నా నోరు చాలదూ?” అంది టీచరు. ఆవిడ ఈల ఊదగా విని చాలా రోజులైంది.

శుక్రవారం పరీక్ష. డ్రైవరుకి తెల్లవారిందగ్గర్నుంచీ కాలు ఒకచోట నిలవలేదు. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. గంట ముందే ఆస్పత్రికి చేరారు. తొమ్మిదిని ఇరవై ఒకటిగా రాసుకునే కోచ్ ఉండడక్కడ. నేల మీద గీతలుంటాయి, నర్సు చేతిలో గడియారముంటుంది.

“కంగారుగా ఉందా?” అని అడిగింది టీచరు.

“నా బొత్తాలు చూడు, నీకే తెలుస్తుంది.”

“నడకేగా. కుడి, ఎడమ. అంతే.”

నర్సు వేలికి క్లిప్పు తగిలించి, “మొదలుపెట్టండి,” అంది.

మొదటి రెండు నిమిషాలూ చకచకా గడిచాయి. మూడో నిమిషంలో డ్రైవరు నుదుటి మీద చెమట పట్టింది. నాలుగో నిమిషంలో ఆయాసం మొదలైంది, అడుగు బరువెక్కింది. ఇప్పుడు ఆగితే అంతా మొదటికొస్తుంది. పెదాలు ముడవాలి, గాలి మెల్లగా వదలాలి. వదిలేసరికి అడుగు మళ్లీ దారిలో పడింది. డ్రైవరు గీతల మీంచి చూపు తిప్పలేదు. కుడి, ఎడమ, కుడి, ఎడమ అని ఒక్కటీ తప్పకుండా లెక్కపెట్టాడు.

“ఆపండి,” అంది నర్సు. గీతలు ఒకసారి లెక్కవేసి, నమ్మకం కలక్క మళ్లీ లెక్కవేసింది. “నాలుగువందల ముప్పై. ఇక ఆపరేషన్‌కి అడ్డేం లేదు, డాక్టరుగారికి ఇప్పుడే చెబుతాను.”

డ్రైవరు కళ్లు తుడుచుకుని అందరూ తిరిగి చూసేలా చప్పట్లు కొట్టాడు.

పేషెంటు తన మెడలోని ఈల తీసి గట్టిగా ఊదింది.