ఇంటి మనిషికి సెలవు

“సెలవు నా హక్కంటమ్మా,” అంది గోపమ్మ, పాప మూతి తుడుస్తూ.

పూర్ణిమ చేతిలో కాఫీ కప్పు అలాగే ఆగిపోయింది. సూర్యాపేటలో ఆ ఇంట్లో ఉండి పాపను చూసుకుంటున్న గోపమ్మ నోట అంత పెద్ద మాట రావడం అదే మొదటిసారి.

“ఎవరు నేర్పిన్రు నీకు ఈ మాటలు?”

“ఇండ్లల్ల పనిచేసెటోళ్లకు మీటింగు వెట్టిన్రమ్మా. కూరగాయలకు పోయినప్పుడు జరసేపు కూసున్న. అశ్విని అని ఒక పిల్ల చెప్పింది. వారానికొక రోజు సెలవు ఇయ్యాలెనంట. ఇంట్ల ఆపదుంటే ఇంకిన్ని రోజులు ఇయ్యాలెనంట. అది దయ కాదంట.”

పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది, పాపం! చివర ‘అంట’ తగిలించకుండా ఒక్క మాటా అనలేకపోయింది. అసలు సంగతికి వచ్చేసరికి ఆ ‘అంట’ కూడా పోయింది.

“మా ఆయనను దవాఖాన నుంచి ఇంటికి తోల్కపొమ్మన్నరమ్మా. ఏది తినబుద్ధయితే అది పెట్టుమన్నరు. అంటే ఏందో మీకు తెల్వనిదా! పాలకీడుల ఒక్కడే పండుకోనుండు. నేను వోయి నోట్లె ఇన్ని గంజినీళ్లన్న పోస్త.”

పూర్ణిమ కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. ఆవిడేం రాక్షసి కాదు. కానీ కన్నీళ్లు వేరు, సెలవు వేరు.

“బ్యాంకుల ఆడిట్ నడుస్తున్నది గోపమ్మా. ఇప్పుడు నేను లీవ్ పెడితే ఊకుంటరా? పాపేమో నీ చేతిల తప్ప తినదు. అయినా నువ్వేమన్న పనిమనిషివా? మా ఇంటి మనిషివి. ఇంటి మనిషికి హక్కులేంది, సెలవులేంది? వచ్చే నెల చూద్దాం.”

వచ్చే నెలట! గోపమ్మ మొగుడు మట్టయ్యకు వచ్చే వారమైనా ఉందో లేదో దేవుడికెరుక. గోపమ్మ పాపకు ఇంకో ముద్ద కలిపింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫోన్ మోగింది. పాలకీడు నుంచే. వంటింటి వెనక్కి పోయి “ఆఁ... ఆఁ...” అంటూ వింది. హాల్లోకి వచ్చి గోడకు ఆనుకుని కూలబడింది. ఏడుపు తన్నుకొచ్చింది.

“ఏమైందే?” అంటూ పూజగదిలోంచి వచ్చింది పూర్ణిమ అత్తగారు రాధమ్మ.

“పోయిండమ్మా... మా ఆయన పోయిండు.”

పాప పరుగెత్తుకొచ్చి ఎప్పటిలాగే గోపమ్మ ఒళ్లోకి ఎక్కబోయింది. రాధమ్మ చటుక్కున దాని రెక్క పట్టి వెనక్కి లాగింది.

“ముట్టకు, అంటు! ఎంత పని జరిగిపాయె గోపమ్మా... లే, ఇంట్ల ఏదీ ముట్టకు. దినాలు అయ్యేదాక ఈ గడప తొక్కొద్దు.”

“అత్తమ్మా, మరి పాప...” నసిగింది పూర్ణిమ.

“లీవ్ పెట్టుకో! మైల మనిషితోని పిల్లకు తినిపిస్తవా?”

ఆడిట్ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. గోపమ్మ బట్టల సంచి తెచ్చి గుమ్మం బయట పెట్టారు. లోపల పాప “గోపీ! గోపీ!” అని గుక్కపట్టి ఏడుస్తోంది. గోపమ్మ వెనక్కి తిరగకుండా నడిచింది. చూసిందంటే ఇక కాళ్లు కదలవు.

నేరేడుచర్ల దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. దారంతా ఏడుస్తూనే ఉంది. పక్క సీటామె “ఏమైందక్కా?” అని అడిగితే కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంట్లో అడుగుపెట్టి, మంచం మీద మొగుడి కాళ్లు పట్టుకుని, వాటి మీద తల పెట్టి భోరుమంది.

“మొత్తానికి ఇచ్చిన్రా సెలవు! ఏమని అడిగినవే?” అన్నాడు మట్టయ్య, ఆమె తల మీద చెయ్యి వేసి.