ఇంటి మడి

ప్రేమానందానికి జ్వరం వచ్చింది. ఆ పొద్దున అతనికి బదులు భార్య కృపావతి ఇంటి మడికి నీళ్ళు పెట్టబోయింది. ఇంట్లోకి వండే ఆకుకూర ఆ ఒక్క మడిలోదే. దానికి బోరు నీళ్ళే కట్టాలన్నది ఆమె పెట్టిన షరతు. వాళ్ళ చేలోంచి మదనపల్లె మార్కెట్టుకు పోయే కూరంతా టౌను మురుగును శుద్ధి చేసి వదిలే కాలువ నీళ్ళతో పండుతుంది.

స్విచ్చి వేసింది. పైపులోంచి గాలే వచ్చింది. మడి మాత్రం పచ్చగా ఉంది.

మొగుడి మంచం దగ్గరికి వచ్చింది. "బోరు ఎప్పుడు ఎండిపొయ్యింది?"

"ఈస్టరుకు ముందే. నువ్వు బయపడతావని చెప్పలా. కాలవ నీళ్ళే కడతాండా."

"మూడు నెల్లు మన పాప ఆ కూరే తినిందే."

"దానికేమైంది, గుండ్రాయి మాదిరి ఉండాది. ఆ నీళ్ళకేం కాదని మార్కెట్లో నువ్వే గదా చెప్పేది?"

ఆమె పాపను నాలుక చాపమంది. పొట్ట నొక్కి చూసింది. పాప కితకితలనుకుని నవ్వింది.

ఆటో వచ్చింది. కూర గంపలు ఎక్కించి, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"ముందు ఆసుపత్రికి పో అప్పా," అంది డ్రైవరుతో. "ఆడ్నించి మార్కెట్టుకు."