ఇతిదాల్‌కు దక్కని అమ్మ

“తొంభై ఏళ్ళ నిండు జీవితం! రాయి మీద అదే చెక్కించాను,” అన్నాడు లుత్ఫీ, కాఫీ కప్పు కింద పెడుతూ. “సమాధి ముందు నిలబడ్డవాడు ఆ అంకె చూసి నోరెళ్ళబెట్టాలి.”

వాళ్ళమ్మ సనియ్యా పోయి ఆ రోజుకు నలభై రోజులు. పొద్దున్నే సమాధి దగ్గర రొట్టెలూ ఖర్జూరాలూ పంచి వచ్చి, రషీద్ ఊళ్ళోని ఆ పాత ఇంట్లో అందరూ గుండ్రంగా కూర్చున్నారు. చక్కెర వేయని కాఫీ తాగుతూ ఆవిడను తలుచుకోవడమే ఇక మిగిలిన పని.

లుత్ఫీయే మొదలుపెట్టాడు: “నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు బండి దొరకలేదు. వీపున వేసుకుని ఆసుపత్రి దాకా నడిచింది అమ్మ. పదేళ్ళ గాడిదని! సిగ్గేసి దించమంటే, ‘నోర్మూసుకో, మోసేది నువ్వా నేనా?’ అంది.”

అందరూ నవ్వారు. లుత్ఫీ మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు.

“మరి నా సంగతి?” అంది అతని కూతురు నెస్మా. “పరీక్షలైనన్ని రోజులూ బడి గేటు ముందు ఎండలో కూర్చుంది నానమ్మ, ఒళ్ళో ఉడకబెట్టిన గుడ్లతో. బయటికొచ్చిన ప్రతి పిల్లకీ ఒలిచి పెట్టింది. ఆఖరికి కాపలావాడిక్కూడా! సరే, ఇక అత్త వంతు. పెద్దదానివి, అందరికంటే ఎక్కువ చూసినదానివి. చెప్పు అత్తా!”

డెబ్భై రెండేళ్ళ ఇతిదాల్ కప్పు అడుగున మిగిలిన కాఫీని తిప్పింది. ఏం చెప్తుంది? ఈ మోసిన అమ్మ, ఈ గుడ్లు ఒలిచిన అమ్మ తనకు ఏనాడూ దొరకలేదు. తన తర్వాత ఎనిమిదేళ్ళకు లుత్ఫీ పుట్టాడు, ఆ వెనక ఇంకో ముగ్గురు. వాళ్ళందరికీ సనియ్యా అమ్మ. తనకు మాత్రం ఉత్త సనియ్యా. తను ఆమెను పేరు పెట్టే పిలిచేది, ఎవరూ కాదనలేదు. తనకు నీళ్ళు పోసిందీ, అన్నం పెట్టిందీ నాయనమ్మే. ఆవిడ సనియ్యానూ తననూ ముందు కూర్చోబెట్టుకుని, ఒకే దువ్వెనతో ఒకరి తర్వాత ఒకరికి జడలు వేసేది. అల్లరి చేస్తే ఇద్దరికీ ఒకే చెప్పు చూపించేది.

ఒకసారి ప్రవక్త పుట్టినరోజు పండక్కి నాన్న ఒక పంచదార బొమ్మ తెచ్చాడు. నాదంటే నాదని ఇద్దరూ లాక్కున్నారు. బొమ్మ చెయ్యి విరిగింది. ఏ తల్లయినా బిడ్డను ఓదారుస్తుంది. సనియ్యా నేల మీద పడి ఏడ్చి, రెండు రోజులు తనతో మాట మానేసింది! ఆ ముల్లు ఇతిదాల్ గుండెలో ఇప్పటికీ అలాగే ఉంది. మొదటి బిడ్డనైన తనను అమ్మ ఎందుకు ప్రేమించలేదో అడగాలని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు అడగడానికి మనిషే లేదు.

“ఏరా లుత్ఫీ, నేను రాకుండానే కాఫీ అంతా ఊడ్చేశారా?”

గుమ్మంలో ఊతకర్ర ఆనించి గమాలాత్ నిలబడి ఉంది. అస్వాన్ నుంచి రైల్లో వచ్చింది. కాలు విరిగి మంచాన ఉండటంతో అంత్యక్రియలకు రాలేకపోయింది. గమాలాత్‌ను కనగానే ఆమె తల్లి పోతే, అదే వారంలో సనియ్యాను కన్న పక్కింటావిడ ఇద్దరికీ చెరో పక్క పాలిచ్చి పెంచింది. పాలు పంచుకున్నవాళ్ళు తోబుట్టువులే కాబట్టి ఈ ఇంటి పిల్లలందరికీ గమాలాత్ పిన్ని.

“అమ్మ సమాధి చూశావా పిన్నీ? రాయి ఎలా ఉంది?” గర్వంగా అడిగాడు లుత్ఫీ.

“రాయి బాగానే ఉంది. దాని మీద ఆ తొంభై ఏంట్రా?”

“కాగితాల్లో అంతే ఉంది మరి.”

“ఆ కాగితం దానిది కాదురా నాయనా! దానికంటే ముందు పుట్టి, పాకే వయసులోనే పోయిన పిల్లది. దీనికీ అదే పేరు పెట్టుకున్నారు. మీ తాత సంగతి తెలుసుగా, రెండోసారి ఆఫీసు మెట్లెక్కితే కాళ్ళరిగిపోవూ? పాత కాగితంతోనే సర్దేశాడు. టీకాలకీ అదే, పెళ్ళికీ అదే, ఓటుకీ అదే.”

లుత్ఫీ తల పట్టుకున్నాడు. “చెక్కించి మూడు రోజులైనా కాలేదు పిన్నీ!”

“అయితే నానమ్మ దొంగ తొంభై కేకు తిందన్నమాట! కొవ్వొత్తులు నా చేతే ఊదించింది కూడా,” అంది నెస్మా. గది గొల్లుమంది.

ఇతిదాల్ నవ్వలేదు. నెస్మా అది చూసి, “అత్తా, నువ్వింకా ఏమీ చెప్పనేలేదు,” అంది.

“చెప్పడానికి నా దగ్గరేముందే?” ఇతిదాల్ కప్పును పక్కకు నెట్టేసింది. “మీరు చెప్పే అమ్మ నాకు తెలీదు. పిన్నీ, నువ్వే చెప్పు, నేనేం పాపం చేశాను? అందరికీ అమ్మయింది, నాకెందుకు కాలేదు? పోయేముందు నన్నే పిలుస్తోందంటే పరిగెత్తుకొచ్చాను. ఏమందో తెలుసా? అచ్చనగాయలు ఆడదాం రమ్మంది! కోపమొచ్చి లేచి వెళ్ళిపోయాను. ఒక్కసారి, ఒక్కసారైనా ‘నా తల్లీ’ అనలేదు పిన్నీ.”

గమాలాత్ కర్ర పక్కన పెట్టి వచ్చి ఇతిదాల్ పక్కన కూలబడింది. ఆమె చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నీ తప్పూ లేదే, దాని తప్పూ లేదు. నువ్వు పుట్టేసరికి దానికీ నాకూ పన్నెండేళ్ళే.”