హస్తవాసి

నికెల్ పొడి వేయడం ప్రొఫెసరమ్మ మరిచిపోయింది. అయినా ఫ్లాస్కులో రసాయన చర్య చక్కగా జరిగిపోయింది.

ఆ చర్యను నడిపించేది నికెలేనని చెప్పి ఇరవై రెండేళ్లుగా పేరు తెచ్చుకున్న మనిషి ఆమె. ఇంకెవరికైనా కుదరకపోతే, "హస్తవాసి ఉండాలి" అని నవ్వేది.

ఫ్లాస్కు మార్చి చూసింది. రసాయనాలు మార్చి చూసింది. నికెల్ లేకుండానే మళ్లీ జరిగింది. మార్చనిది, అడుగున గిర్రున తిరుగుతూ కలియబెట్టే అయస్కాంతపు ముక్క ఒక్కటే. అది గురువుగారి కానుక. ఆయన జన్మంతా పల్లాడియం అనే లోహంతో పనిచేశారు. ముక్క మీది గీతల్లో ఇరుక్కున్న ఆ లోహపు నల్లటి పొడే ఇన్నాళ్లూ పని చేసిపెట్టింది.

కొత్త ముక్క వేసి, నికెల్ కలిపింది. ఏమీ జరగలేదు.

పాత శిష్యురాలికి ఫోన్ చేసింది.

"అప్పట్లో నువ్వు ఏ అయస్కాంతం వాడావమ్మా?"

"కొత్తదే మేడమ్. మీ గురువుగారిది ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదుగా!" శిష్యురాలు నవ్వింది. "మూడేళ్లు తిప్పలుపడ్డా రాలేదు. హస్తవాసి లేదని మీరు పంపించేయడమే మంచిదైంది. నేను తోడేస్తే పాలు కూడా తోడుకోవు. నా చెయ్యే అంత కదా మేడమ్?"

"అవునమ్మా," అంది ప్రొఫెసరమ్మ.

ఫోన్ పెట్టేసి, పాత ముక్కను మెల్లగా తుడిచి మళ్లీ ఫ్లాస్కులో వేసింది.