పద్దెనిమిదో టోకెన్

చేతిలోని గాజు పలక మీద వేలు పెట్టగానే అందులో డాక్టరు కనిపించే కాలమొచ్చింది. చంటిపిల్లల దగ్గుకీ ముసలివాళ్ల మోకాళ్లకీ రెండు నిమిషాల్లో మందు చెప్పేస్తున్నారు. మా పెద్దమ్మ మాణిక్యాంబకి అదే మింగుడుపడలేదు. "గంటసేపు కూర్చుని పక్కవాళ్లకి నా రోగం చెప్పుకోకపోతే అదేం వైద్యమే?" అంటూ వరండాలో బెంచీలు వేయించి, అట్టముక్కల మీద నంబర్లు రాసి టోకెన్లు పంచింది. నంబరు పిలిచాకే ఎవరైనా లేచి పలక తాకాలి.

వారం తిరిగేసరికి వీధంతా అక్కడే. పళ్లొస్తున్న పాపతో తల్లి, నడుం పట్టేసిన కుర్రాడు, గుండెదడ తాతగారు, ఎవరి పలక వాళ్లు ఒళ్లో పెట్టుకుని ఒకటే కబుర్లు. నంబరు వచ్చినా ఎవరూ లేవరు.

ఓ సాయంత్రం పెద్దమ్మ పలకలో డాక్టరే తనంతట తాను కనిపించాడు.

"పొద్దుటినుంచీ ఒక్కరూ పిలవలేదండీ. అందరికీ తగ్గిపోయిందా?"

"లేదు బాబూ, ఇక్కడే వరసలో ఉన్నారు."

ఆయన కాసేపు ఆ కబుర్లు వింటూ ఉండిపోయాడు. "గదిలో రోజంతా నేనొక్కణ్ణేనండీ. నాకూ ఓ టోకెన్ ఇస్తారా?"

పెద్దమ్మ పలకని బెంచీ చివర ఆనించింది. "పద్దెనిమిది. పిలిచేదాకా కూర్చో నాయనా."